పట్టు సరిగా లేకపోతే వదిలి మళ్ళీ పట్టు

అమ్మకు ఎక్కించే మందు అసలేం చేస్తుంది? గాల్వేలో కట్టడాల పని చేసుకునే మేం ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెళ్తే సమాధి తోటలో ఒక చెట్టు, ఇద్దరు తెలుగువాళ్ళు, మా సైటులో క్రేను చైన్లు ఎదురొచ్చాయి...

గాల్వే (ఐర్లాండ్): "అన్నా, గీ మందు ఏం జేస్తదే?"

అన్నం ముందు కూర్చున్న తమ్ముడు ఫోను మా వైపు తోశాడు. మా ఇంట్లో నలుగురం ఉంటాం. ఇద్దరం గోదావరి జిల్లాల వాళ్ళం, ఇద్దరు జగిత్యాల వైపు తమ్ముళ్ళు. అందరిదీ కట్టడాల పనే. ఫోనులో ఉన్నది చెల్లెలు వాట్సాప్‌లో పంపిన ఆసుపత్రి చీటీ ఫొటో. వాళ్ళమ్మకు రొమ్ము క్యాన్సరు. ఆపరేషను అయింది. ఇక వారానికొకటి చొప్పున పన్నెండు సార్లు మందు ఎక్కించాలట. చీటీలో పేరు ఉంది... పాక్లిటాక్సెల్.

డబ్బు సంగతైతే మాకు తెలుసు. నలుగురం తలా కొంత వేసుకుంటాం, ఓవర్‌టైము చేస్తాం. సెలవు సంగతీ తెలుసు, ఫోర్‌మన్‌ని బతిమాలుకుంటాం. కానీ ఈ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. "నువ్వు సదువుకున్నోనివి గదా అన్నా, జెప్పు" అన్నాడు తమ్ముడు. మేం చదివింది సివిల్ డిప్లమో. కాంక్రీటు ఎన్ని రోజులు తడపాలో చెప్పమంటే చెప్తాం గానీ, కణంలో ఏం జరుగుతుందో మాకేం తెలుసు?

అయినా అడిగింది తమ్ముడు. అందుకని నాలుగైదు ఆదివారాలు కూర్చుని చదివాం. తెలిసినవాళ్ళను అడిగాం. అర్థమైనంత వరకు ఇక్కడ రాస్తున్నాం. ఇలాంటి చీటీ మనలో ఏ ఇంటికైనా రావచ్చు కదా!

మన పక్కనే ఉన్న చెట్టు

ఐర్లాండ్‌లో ఉన్నవాళ్ళకు చర్చి పక్కన సమాధుల దగ్గర నిటారుగా, ముదురాకుపచ్చగా నిలబడే చెట్టు తెలిసే ఉంటుంది. దాని పేరు యూ చెట్టు. మన గాల్వేకు పక్క కౌంటీ పేరు మేయో. ఐరిష్ భాషలో ఆ పేరుకు అర్థం 'యూ చెట్ల మైదానం'. అంత పాత చుట్టం ఈ దేశానికి.

పాక్లిటాక్సెల్ మొదట దొరికింది ఈ చెట్టు అన్నదమ్ముల్లోనే. అమెరికా పడమటి తీరంలో పెరిగే పసిఫిక్ యూ బెరడులోంచి ఈ పదార్థాన్ని తీసి, దాని నిర్మాణాన్ని మన్రో వాల్, మన్‌సుఖ్ వాని అనే శాస్త్రవేత్తలు 1971లో ప్రకటించారు. వాని మన దేశంలో పుట్టినాయనే. 1979లో సూసన్ హోర్విట్జ్ అనే శాస్త్రవేత్త అది కణంలో ఏం చేస్తుందో కనిపెట్టారు. 1992లో అమెరికాలో అండాశయ క్యాన్సరుకు, 1994లో రొమ్ము క్యాన్సరుకు అనుమతి వచ్చింది. దీని తోబుట్టువు లాంటి డోసిటాక్సెల్ మందుకైతే ముడిసరుకు ఐరోపా యూ ఆకుల నుంచే వచ్చింది.

ఐర్లాండ్ యూ చెట్టుకు ఇంకో కథ ఉంది. సుమారు 1760 ప్రాంతంలో, ఉత్తరాన ఫర్మానా కౌంటీ కొండల్లో జార్జ్ విల్లిస్ అనే రైతుకు కొమ్మలు పక్కకు చాచకుండా నిటారుగా పెరిగే రెండు యూ మొక్కలు దొరికాయి. ఒకటి తన ఇంటి దగ్గర నాటుకున్నాడు, రెండోది భూస్వామికి ఇచ్చాడు. ఆయన చెట్టు చనిపోయింది. ఫ్లోరెన్స్ కోర్ట్ ఎస్టేటులో నాటిన రెండోది ఇప్పటికీ ఉంది. విత్తనం వేస్తే ఆ నిటారు గుణం సరిగా రాదు కాబట్టి కొమ్మలు కత్తిరించి అంట్లు కట్టారు. ప్రపంచంలో ఎక్కడున్న ఐరిష్ యూ అయినా ఆ ఒక్క చెట్టు అంటే!

అంటే ఏమిటి? కణాలు విడిపోయి విడిపోయి అదే చెట్టును మళ్ళీ మళ్ళీ తయారు చేశాయి. కణవిభజన అంత నమ్మకంగా పనిచేస్తుందన్నమాట. ఆ విభజననే ఆపే మందు కూడా ఈ జాతి చెట్టులోనే దొరకడం చిత్రం. మరి విభజన ఎలా జరుగుతుందో తెలిస్తే గానీ దాన్ని ఆపడం ఎలాగో తెలియదు.

పదో తరగతి 'కండె పోగులు'

తెలుగు మీడియంలో చదివినవాళ్ళకు గుర్తుండాలి. ప్రథమదశ, మధ్యస్థదశ, చలనదశ, అంత్యదశ అని బట్టీ పట్టేవాళ్ళం. బొమ్మ వేసి నాలుగు మార్కులు తెచ్చుకున్నాం. ఆ బొమ్మలో క్రోమోజోములు ఎందుకు కదులుతున్నాయి, ఎవరు కదలమన్నారు అని మాత్రం అప్పట్లో అడగలేదు.

మనిషి కణంలో 46 క్రోమోజోములు. వాటిలోని డీఎన్ఏ దారాన్ని సాగదీస్తే సుమారు రెండు మీటర్లు. కణం రెండుగా విడిపోయే ముందు ఆ దారం మొత్తానికీ నకలు తయారవుతుంది. అప్పుడు ప్రతి క్రోమోజోమూ అంటుకుని ఉన్న కవల జంట అవుతుంది. ఆ జంటలో ఒకటి ఇటు, ఒకటి అటు వెళ్ళాలి. ఒక్కటి తేడా వచ్చినా ఒక కణానికి 47, ఇంకోదానికి 45 వస్తాయి. మన ఒంట్లో రోజుకు సుమారు 33,000 కోట్ల కణాలు పాతవి పోయి కొత్తవి వస్తాయని 2021లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. వాటిలో ఎక్కువ రక్తకణాలే. అన్నిసార్లు లెక్క తప్పకుండా పంచాలంటే మాటలా?

పంచే సరంజామా ఇదీ. కణం రెండు కొసల నుంచి సన్నటి గొట్టాల లాంటి పోగులు పెరుగుతూ, తరుగుతూ ఉంటాయి. ఇవే మన కండె పోగులు. ఒక్కో పోగు మందం 25 నానోమీటర్లు. క్రోమోజోము నడుము దగ్గర, జంటలో ఒక్కోదానికి ఒక్కో కొక్కెం ఉంటుంది. దాన్ని కైనెటోకోర్ అంటారు. పోగులు ఆ కొక్కేలకు తగులుకుంటాయి. ఒక కొక్కెం ఇటు కొసకు, రెండోది అటు కొసకు తగులుకోవాలి. కానీ పోగులకు కళ్ళు లేవు! రెండు కొక్కేలూ ఒకే వైపుకు తగులుకోవడం మామూలుగా జరిగే పొరపాటే.

మేం రోజూ బస్సులో దాటివెళ్ళే యూనివర్సిటీ ఆఫ్ గాల్వేలో క్రోమోజోముల మీదే పనిచేసే ఒక పరిశోధన కేంద్రం ఉంది. 2022 వరకు ఆ యూనివర్సిటీని ఎన్‌యూఐ గాల్వే అనేవాళ్ళు. అక్కడ ఈ నడుము భాగం మీద కూడా పరిశోధనలు జరిగాయి. ఇన్నేళ్ళుగా ఆ గోడ పక్క నుంచే వెళ్తున్నాం, లోపల ఇంత పెద్ద పని జరుగుతోందని మాకు తెలియదు.

రెండు చైన్లూ బిగియాలి

ఇక్కడే మాకు అర్థమైన భాష మొదలైంది. సైటులో ప్రీకాస్ట్ గోడ పలకను క్రేనుతో ఎత్తేటప్పుడు ఏం చేస్తాం? రెండు కొక్కేలకు రెండు చైన్లు తగిలిస్తాం. వెంటనే ఎత్తేయం. సిగ్నలు ఇచ్చే మనిషి చెయ్యి చూపిస్తాడు, క్రేను మెల్లగా లాగుతుంది. చైన్లలో వదులు పోయి రెండూ బిగుసుకోవాలి. ఒకటి వదులుగా ఉందనుకోండి, "దించు" అంటాం. కొక్కెం విప్పి మళ్ళీ తగిలిస్తాం. రెండు వైపులా బిగువు వచ్చాకే పైకి!

కణం కూడా అచ్చం ఇదే చేస్తుంది. కొక్కేలు రెండూ చెరో వైపుకు తగులుకుంటేనే మధ్యలో బిగువు వస్తుంది. రెండూ ఒకే వైపుకు తగులుకుంటే బిగువు రాదు. అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో బ్రూస్ నిక్లాస్ అనే శాస్త్రవేత్త దీన్ని చేత్తో చేసి చూపించారు. 1969లో, మిడత వీర్యకణాలు తయారుచేసే కణంలోకి సన్నటి గాజు సూది పెట్టి, తప్పుగా తగులుకున్న క్రోమోజోమును లాగి పట్టుకున్నారు. మామూలుగా ఊడిపోవలసిన ఆ పట్టు, ఆయన లాగినంత సేపూ నిలిచింది. అంటే కణం చూసేది బిగువునే.

మరి బిగువు లేదని కణానికి ఎవరు చెప్తారు? ఇదే అసలు సంగతి. ఫాస్ఫేటు!

మనం పొలానికి చల్లే ఎరువులో ఉన్న భాస్వరమే, ఆక్సిజనుతో కలిసి ఫాస్ఫేటు అవుతుంది. కణంలో ఇది చిన్న ట్యాగు లాంటిది. సైటులో స్కాఫోల్డింగుకు ట్యాగు తగిలిస్తేనే ఎక్కాలా వద్దా అని తెలుస్తుంది కదా! అలాగే ప్రొటీన్లకు ఫాస్ఫేటు తగిలించే యంత్రాలున్నాయి. వాటిని కైనేజ్‌లు అంటారు. తీసేసే యంత్రాలను ఫాస్ఫటేజ్‌లు అంటారు. ప్రొటీన్లకు ఇలా ఫాస్ఫేటు తగిలించి, తీసి పని నడిపించే పద్ధతిని కనిపెట్టినందుకు ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్‌లకు 1992లో నోబెల్ వచ్చింది. ఒక తేడా మాత్రం గమనించాలి. మన ట్యాగు చదవడానికే. ఫాస్ఫేటు ట్యాగుకు రుణావేశం ఉంటుంది కాబట్టి తగిలిన చోట ప్రొటీను నడకనే మార్చేస్తుంది.

కవల క్రోమోజోముల మధ్య, రెండు కొక్కేలకూ నడుమ అరోరా-బి అనే కైనేజ్ కాపలా కూర్చుని ఉంటుంది. అరోరా అంటే ధ్రువపు కాంతి. 2024 మేలో ఐర్లాండ్ ఆకాశంలో రంగులు చూసి మనమంతా ఫొటోలు తీసుకున్నాం చూడండి, అదే పేరు. ఈ అరోరా-బి చెయ్యి కొద్ది దూరమే అందుతుంది. బిగువు లేకపోతే కొక్కెం దగ్గరే ఉంటుంది కాబట్టి దాని మీద ఫాస్ఫేట్లు తగిలిస్తుంది. కొక్కెంలో పోగును పట్టుకునే భాగానికి ధనావేశం ఉంటుంది, పోగుకు రుణావేశం. ఆ రెంటి ఆకర్షణ వల్లే పట్టు. మధ్యలో ఫాస్ఫేటు రుణావేశం వచ్చి చేరితే పట్టు సడలిపోతుంది. పోగు ఊడిపోతుంది. కొక్కెం మళ్ళీ ఇంకో పోగు కోసం చూస్తుంది.

చెరో వైపుకు సరిగ్గా తగులుకుందనుకోండి, రెండు వైపుల లాగుడుకు కొక్కేలు దూరం జరుగుతాయి. అరోరా-బి చెయ్యి అందదు. ఫాస్ఫటేజ్‌లు వచ్చి పాత ట్యాగులు తీసేస్తాయి. పట్టు గట్టిపడుతుంది. 1995లో నిక్లాస్ బృందమే మళ్ళీ సూదితో లాగి, బిగువు పెరిగితే కొక్కెం దగ్గర ఫాస్ఫేటు గుర్తు మాయమవుతోందని చూపించింది. 2002లో ఈస్టు కణాల్లో తనాకా బృందం, తప్పు పట్టును సరిచేసేది ఈ అరోరా జాతి కైనేజేనని తేల్చింది.

చదువుతుంటే మాకు ఒకటి అనిపించింది. కణం మొదటిసారే సరిగ్గా పట్టుకోవాలని ఆశపడదు. తప్పు పట్టును వదిలించడం తెలుసు కాబట్టే చివరికి సరిగ్గా పంచుతుంది.

ఇంకో కాపలా కూడా ఉంది. ఒక్క కొక్కెం ఖాళీగా ఉన్నా చాలు, మొత్తం కణం ఆగుతుంది. దీని వెనక కూడా కైనేజ్‌లే. చివరి కొక్కెం కూడా తగులుకున్నాకే జంటలను కట్టి ఉంచిన కట్లు తెగుతాయి. అప్పుడే చలనదశ. ఐర్లాండ్‌లో స్కాఫోల్డింగుకు ప్రతి వారం జీఏ-3 ఫారం మీద సంతకం పడాలి. సంతకం లేకపోతే ఎవరూ ఎక్కకూడదు, ఎంత తొందరున్నా సరే. అలాంటిదే ఇది.

ఇద్దరు తెలుగువాళ్ళు

చదువుతూ పోతుంటే మాకు ఎక్కడలేని సంతోషం కలిగించిన పేరు ఒకటి కనిపించింది. పోతు నరసింహారావు గారు. అమెరికాలోని కొలరాడోలో రాబర్ట్ జాన్సన్‌తో కలిసి 1970లో ఆయన చేసిన ప్రయోగం కణవిభజన పుస్తకాల్లో పాఠమైంది. విడిపోతున్న కణాన్ని, ఇంకా ఆ ఆలోచనే లేని కణంతో సెండాయ్ వైరస్ సాయంతో కలిపేశారు. ఏమైంది? ఆ రెండో కణంలోని క్రోమోజోములు కూడా వేళ కాకుండానే ముడుచుకుని దగ్గరపడ్డాయి. అంటే 'ఇక విడిపోండి' అనే ఆర్డరు గాలిలో మాట కాదు, ఒక కణం నుంచి ఇంకో కణానికి ఇవ్వగలిగిన వస్తువు!

ఆ వస్తువు ఒక కైనేజ్ అని తర్వాత తేలింది. ఫాస్ఫేట్లు తగిలించి మొత్తం విభజనను మొదలుపెట్టించే మేస్త్రీ అది. ఆ దారిలో పనిచేసిన హార్ట్‌వెల్, హంట్, నర్స్‌లకు 2001లో నోబెల్ వచ్చింది. నరసింహారావు గారు తర్వాత హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లో పనిచేశారు. 1983లో ఆయన బృందం తయారుచేసిన ఒక యాంటీబాడీ, విడిపోతున్న కణాల్లో ఫాస్ఫేటు తగిలిన ప్రొటీన్లను పట్టి చూపించింది. ట్యాగులున్న చోటల్లా వెలిగే దీపం అనుకోండి. చాలా దేశాల ప్రయోగశాలల్లో దాన్ని వాడారు.

రెండో ఆయన మనందరికీ తెలిసిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. భీమవరంలో 1895లో పుట్టారు. 1923లో బోస్టన్ వెళ్ళారు. ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు, 1925 నుంచి అది వాళ్ళిద్దరి పేరుతోనే ప్రసిద్ధి. ఆ కొలతలతోనే 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో కండరాల్లో ఏటీపీని చూపించారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నాడు. కైనేజ్‌లు తగిలించే ఫాస్ఫేటు ఎక్కడి నుంచి వస్తుందనుకున్నారు? ఏటీపీ నుంచే! తర్వాత లెడర్లే కంపెనీలో ఆయన బృందం చేసిన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు వాడి చూశారు. 1948లో న్యూయార్క్‌లో సుబ్బారావు గారు కన్నుమూశారు. ఇంటికి మళ్ళీ రాలేదు. పరాయి దేశంలో బతికే మనకు ఆ మాట దగ్గర చదవడం కాసేపు ఆగిపోయింది.

మరి మందు ఏం చేస్తుంది?

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వద్దాం. కండె పోగులు పెరుగుతూ తరుగుతూ ఉంటేనే పట్టుకోవడం, వదలడం, లాగడం సాధ్యం. పాక్లిటాక్సెల్ ఆ పోగులకు అతుక్కుని వాటిని బిగదీసేస్తుంది. పోగులు ఉంటాయి గానీ కదలవు. క్రేను ఉంది, చైను ఉంది, మోటారు జామ్ అయిందన్నమాట. కాపలా సంతకం పెట్టదు. కణం చాలాసేపు ఆగి చనిపోవచ్చు. ఇంకో సంగతి 2014లో అమెరికాలోని విస్కాన్సిన్ శాస్త్రవేత్తలు చెప్పారు. మందు ఎక్కించాక రొమ్ము క్యాన్సరు రోగుల కణితులను చూస్తే, చాలా కణాలు రెండు కొసలకు బదులు మూడు నాలుగు కొసలతో విడిపోతున్నాయి. క్రోమోజోములు చెల్లాచెదురై కణాలు బతకలేకపోతున్నాయి. ఎలా చూసినా దెబ్బ పడేది పంపకం మీదే.

క్యాన్సరు కణం ఆగకుండా విడిపోతుంటుంది కాబట్టి దానికి దెబ్బ ఎక్కువ. కానీ మందుకు మంచి కణం, చెడ్డ కణం అని తెలియదు. జుట్టు కుదుళ్ళలో కణాలు వేగంగా విడిపోతాయి, అందుకే జుట్టు రాలుతుంది. మందులు అయ్యాక మామూలుగా మళ్ళీ వస్తుంది. ఎముక మూలుగలో రక్తకణాలు తయారవుతాయి, అందుకే తెల్లకణాలు తగ్గుతాయి. నరాల కణాలు విడిపోకపోయినా, వాటిలో సరుకు మోసే పట్టాలు ఈ పోగుల జాతివే. అందుకే వేళ్ళకు తిమ్మిర్లు.

ఇంట్లో ఇలాంటి చికిత్స జరుగుతుంటే రెండు మాటలు తప్పక చెప్పండి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చేయాలి. తిమ్మిర్లు పెరిగి బొత్తాలు పెట్టుకోవడం కష్టమైతే 'ఇదేముందిలే' అని దాచకుండా డాక్టరుకు చెప్పాలి. మోతాదు సర్దడం ఆయన చేతిలో ఉంటుంది.

ఇంకో మాట. మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి కూడా విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సరు మందులు వచ్చాయి. అవి ఇదే పోగులను ఇంకో రకంగా, అసలు కట్టుకోనీయకుండా చేస్తాయి. అది విని ఎవరైనా ఆకు కషాయం కాచి తాగిస్తామంటే వద్దనండి. మందులో మోతాదు మిల్లీగ్రాముల లెక్క. కషాయంలో లెక్క ఉండదు, విషం ఉంటుంది. యూ ఆకూ అంతే, గింజా అంతే. పిల్లల్ని సమాధుల తోటకు తీసుకెళ్తే ఆ ఎర్రటి కాయల దగ్గర కాస్త చూసుకోండి.

ఏడో వారం

ఇదంతా తమ్ముడికి ఒకేసారి చెప్పలేదు. కొంచెం కొంచెంగా, గిన్నెలు కడుగుతూ, బస్సులో వెళ్తూ చెప్పాం. చైన్ల సంగతి చెప్పగానే టక్కున పట్టుకున్నాడు. "అంటే బిగువు లేకుంటే ఇడిసిపెట్టి మళ్ళ వడ్తదన్నట్టు" అన్నాడు. అంతే తమ్ముడూ, అన్నాం.

తర్వాత వాళ్ళమ్మకు వీడియో కాల్ చేసి అతనే చెప్పాడు. "అమ్మా, వేళ్ళు తిమ్మిరి వడ్తున్నయంటివి గదా, అది మందు పనే. డాక్టరు సారుకు జెప్పు, సిగ్గువడకు." నెత్తికి గుడ్డ కట్టుకున్న అమ్మ అంతా విని, "నువ్వు తిన్నవా బిడ్డా?" అని అడిగింది. మేం నలుగురం ఫోనులో తలలు దూర్చి తిన్నామని చెప్పాం.

పన్నెండులో ఏడు అయ్యాయి. ఇప్పుడే వెళ్ళాలా, ఉండి డబ్బు పంపాలా అని తమ్ముడు నెల రోజులు నలిగిపోయాడు. చివరికి మేమే కూర్చోబెట్టి లెక్క వేశాం. చివరి రెండు వారాలకు అమ్మ పక్కన ఉండేలా టికెట్ తీశాం. అతని షిఫ్టులు మేం ముగ్గురం పంచుకుంటాం. ఫోర్‌మన్‌కు కూడా చెప్పేశాం.